మనవలొస్తున్నారా? ముందు మీ మాత్రల డబ్బా ఎక్కడుందో చూడండి

సెలవుల్లో పిల్లల డాక్టర్లం ఎక్కువగా వినే మాట ఒకటుంది. “ఈ ఇంట్లోనే ముగ్గుర్ని పెంచాం, మాకు తెలియదా డాక్టరు గారూ?” తెలుసు, కాదనను. కానీ ఆ ముగ్గుర్ని పెంచిననాటి ఇల్లు కాదిది. అప్పుడు మీకు బీపీ మాత్రల్లేవు, షుగర్ మాత్రల్లేవు, చెవి మిషన్ లేదు. పిల్లలు రెక్కలొచ్చి వెళ్లిపోయాక ఇల్లు మెల్లగా మీ మోకాళ్లకూ నడుముకూ అనువుగా మారింది. వంగకుండా, వెతుక్కోకుండా అన్నీ చేతికందేలా పెట్టుకున్నారు. రెండేళ్లవాడి చేతికీ అవే అందుతాయి.

అపోహ: మాత్ర చేదు. నోట్లో పెట్టుకున్నా ఉమ్మేస్తారు.

అన్ని మాత్రలూ చేదుగా ఉండవు. చాలావాటికి పైపూత ఉంటుంది, రంగూ ఉంటుంది. పసివాడి కంటికి అది చాక్లెట్టే. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మాత్ర ఒక్కటి మింగినా చిన్నపిల్లల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అదీ వెంటనే కాదు, కొన్ని గంటల తర్వాత కూడా పడిపోవచ్చు. అందుకే ఆడుకుంటున్న పిల్లవాణ్ని కూడా మేం ఆసుపత్రిలో దాదాపు రోజంతా ఉంచి చూస్తాం. “బాగానే ఉన్నాడుగా, ఇంటికి పంపండి” అని పెద్దవాళ్లు విసుక్కుంటారు, అయినా పంపం. వెరపమిల్, ఆమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్రలూ, ఐరన్ మాత్రలూ పిల్లలకు ప్రమాదమే.

పిల్లలకు ఈ మాత్రలు దొరికేది బీరువాలో కాదు. దిండు పక్కన, డైనింగ్ టేబుల్ మీద, చేతిసంచిలో. అన్నిటికన్నా ముఖ్యం, వారానికి సరిపడా మాత్రలు గళ్లలో సర్దుకునే ప్లాస్టిక్ డబ్బా. మీకు సులువుగా తెరుచుకుంటుందనేగా కొన్నారు? వాళ్లకూ తెరుచుకుంటుంది. పిల్లలు తీయలేని మూత అని రాసిన సీసా కూడా కాస్త ఆలస్యం చేస్తుందంతే. వాళ్లున్నన్నాళ్లు మందులన్నీ తాళం వేసిన అరలో ఉండాలి. వచ్చినవాళ్ల సూట్‌కేసుల్లోని మందులు కూడా.

మింగాడన్న అనుమానం వస్తే వాంతి చేయించకండి, ఉప్పునీళ్లు పట్టకండి. మాత్రల షీటు చేతిలో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి రండి.

అపోహ: బటన్ బ్యాటరీ మింగితే మర్నాటికి అదే బయటికొచ్చేస్తుంది.

కడుపులోకి దిగిపోతే చాలావరకు వచ్చేస్తుంది. అన్నవాహికలో ఇరుక్కుంటే మాత్రం రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. బ్యాటరీ పగలనక్కర్లేదు, కారనక్కర్లేదు. తడిగా ఉండే లోపలి పొరకు తగిలి కరెంటు పారితే చాలు, అక్కడ క్షారం పుట్టి కాలుస్తుంది. బయటికి కనిపించేది చొంగ కారడం, దగ్గు, తిండి వద్దనడం, అంతే. ఎక్కడుందో ఎక్స్‌రేలోనే తెలుస్తుంది, కాబట్టి రాత్రయినా ఆగొద్దు. రిమోట్ల వెనక మూత వదులుగా ఉంటే టేపు చుట్టండి. చెవి మిషన్లోంచి తీసేసిన పాత బ్యాటరీలను గిన్నెలో పోగేసే అలవాటుంటే ఇప్పుడే మానేయండి.

అపోహ: దాచిన పసిబట్టలు దులిపి వాడితే చాలు.

మీ పిల్లల చిన్నప్పటి దుప్పటి మనవడికి కప్పాలన్న సరదా నాకర్థమవుతుంది. దాంతోపాటు ఏళ్లుగా కలరా ఉండలు ఉన్నాయేమో చూడండి. వాటిలోని నాఫ్తలీన్ జి6పీడీ అనే ఎంజైము లోపమున్న పిల్లల్లో ఎర్రరక్తకణాలను చిట్లిస్తుంది. కామెర్లు వస్తాయి, మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది. ఆ లోపం పుట్టుకతో వచ్చేది, మగపిల్లల్లో ఎక్కువ. చాలా కుటుంబాలకు అది తమలో ఉన్నట్టే తెలియదు. ఉతికి, ఎండలో బాగా ఆరేశాకే వాడండి. ఉండలు ఇంట్లోనే లేకపోతే ఇంకా మంచిది. పాకే బిడ్డకు అవి పిప్పరమెంట్లలా కనిపిస్తాయి.

అపోహ: ఇంటినిండా పెద్దవాళ్లే, ఎవరో ఒకరు చూస్తుంటారు.

నన్నడిగితే ఈ జాబితాలో అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. పదిమంది ఉన్నచోట ప్రతి ఒక్కరూ పక్కవాళ్లు చూస్తున్నారనుకుంటారు. నీళ్ల దగ్గర ఇది ప్రాణం తీస్తుంది. మునిగిపోతున్న పిల్లలు అరవరు, చేతులు ఊపరు, చప్పుడే ఉండదు. నడక నేర్చిన బిడ్డకు బకెట్లో బెత్తెడు నీళ్లు చాలు. చూసేవాళ్ల సంఖ్య పెంచడం కాదు, పేరు పెట్టి ఒక్కరికి అప్పగించాలి. “ఇప్పట్నుంచి నువ్వు చూడు” అని చెప్పాలి, అవతలివాళ్లు “సరే” అనాలి. ఆ ఒక్కరి చేతిలో ఫోను ఉండకూడదు.

అపోహ: ఎండలు కదా, పసిబిడ్డకు నాలుగు చెంచాల నీళ్లు పట్టాలి.

ఆరు నెలల్లోపు వద్దు. ఎండాకాలమైనా తల్లిపాలే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నీళ్లు ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. దాహమనిపిస్తే పాలే ఇంకోసారి పట్టమనండి.

అపోహ: బోర్లా పడుకోబెడితే హాయిగా నిద్రపోతారు. మేమలాగే పెంచాం.

అత్తాకోడళ్ల మధ్య, తల్లీకూతుళ్ల మధ్య మాట పెరిగేది ఎక్కువగా ఇక్కడే. మీరు పెంచిన రోజుల్లో చాలామంది డాక్టర్లు కూడా బోర్లా పడుకోబెట్టమనే చెప్పారు. తర్వాత ఆ సలహా మారింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1992లో పసిపిల్లల్ని బోర్లా వేయొద్దంది. 1994లో అక్కడ పెద్ద ప్రచారం మొదలైంది. ఆ తర్వాతి ఏళ్లలో నిద్రలో కారణం తెలియకుండా పోయే పసిపిల్లల సంఖ్య సగానికి పైగా తగ్గింది. ఏడాది వచ్చేదాకా వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా. కూతురు దిండు తీసేస్తే మీ పెంపకాన్ని తప్పుపట్టినట్టు కాదు. ఆమె డాక్టరు చెప్పింది చేస్తోంది, అప్పట్లో మీరు చేసినట్టే. అటకమీది పాత తొట్టిమంచం దించితే కమ్మీల మధ్య సందు ఆరు సెంటీమీటర్లు మించకుండా చూసుకోండి.

అపోహ: మనవల్ని చూస్తే ఏ జబ్బూ గుర్తురాదు.

గుర్తురాదు, నిజమే. మాత్ర వేసుకోవడమూ గుర్తురాదు, చిక్కంతా అక్కడే. తాళం వేసిన అరలోకి వెళ్లిన మాత్రల్ని మర్చిపోవడం ఇంకా తేలిక, కాబట్టి ఫోనులో అలారం పెట్టించుకోండి. వయసుతోపాటు దాహం తెలియడం తగ్గుతుంది. మూత్రం ఎక్కువగా పోయే బీపీ మాత్రలు వాడేవాళ్లు పొద్దంతా పొయ్యి దగ్గర నిలబడితే కళ్లు తిరిగి పడతారు. వచ్చినవాళ్లు మీ పిల్లలే, చుట్టాలు కారు. ఒక పూట వంట వాళ్లకు వదిలేయండి. వంటిల్లు చిందరవందర చేస్తారు, చేయనివ్వండి. చిన్నబిడ్డ వస్తుంటే కోరింతదగ్గు బూస్టర్ టీకా గురించి మీ డాక్టర్ని ముందే అడగండి. వేయించుకుంటే రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, టికెట్లు బుక్ చేశారని తెలిసిన రోజే వెళ్లడం మేలు.