దొనకొండకు విమానం ఎందుకు రాలేదు? జవాబు 1976లో ఉంది

ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని దొనకొండ పేరు మళ్ళీ పేపర్లకెక్కింది. రాష్ట్ర ప్రభుత్వం 2025–30 కాలానికి తెచ్చిన ఏరోస్పేస్, రక్షణ విధానంలో జగ్గయ్యపేట–దొనకొండ ప్రాంతాన్ని క్షిపణులు, మందుగుండు తయారీకి అనుకున్నారు. అప్పటి నుంచి ఊళ్ళో రెండు మాటలు నడుస్తున్నాయి. ఫ్యాక్టరీలు సరే, పాత ఏరోడ్రోమ్ ఉండనే ఉంది గదా, ఎయిర్ ఫోర్స్ స్టేషన్ కూడా రావాల్సిందేనని ఒక పక్షం. ముందు భూముల సంగతి తేల్చండి, విమానాల మాట తర్వాత అని ఇంకో పక్షం.

బ్రిటిష్ వాళ్ళ కాలం, మీటర్ గేజి లోకో షెడ్డు, ఆంగ్లో ఇండియన్ల రైల్వే కాలనీ, 2014లో రాజధాని అవుతుందని లేచిన ఊపు, అప్పుడు పెరిగిన ఎకరం రేట్లు, ఆ తర్వాత అడ్వాన్సుల కోసం జరిగిన పంచాయతీలు... ఇవన్నీ ఈ జిల్లాలో టీ కొట్టు దగ్గర కూర్చున్న ఎవరినడిగినా చెబుతారు. వాటిని వదిలేద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు ఆగి పెట్రోలు పోసుకోవడానికి వేసిన రన్‌వే, దాని చుట్టూ సుమారు 136 ఎకరాలు, ఇన్నేళ్ళు చిల్లచెట్లకు ఎందుకు దక్కాయన్నదే ఇక్కడ ప్రశ్న. నాయకులకు పట్టలేదని స్థానికులంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ అసలు కారణం ఒంగోల్లోనో హైదరాబాదులోనో లేదు. అది సముద్రం మీద ఉంది.

1976 నవంబరు 18న గోవాలో ఓ చిన్న మార్పు జరిగింది. అప్పటిదాకా వైమానిక దళం ఆరో నంబరు స్క్వాడ్రన్ నడుపుతూ వచ్చిన సూపర్ కాన్‌స్టలేషన్ విమానాలు ఆ రోజు నౌకాదళం చేతికి వెళ్ళాయి. ఐఎన్ఏఎస్ 312 అనే కొత్త నౌకాదళ విమాన స్క్వాడ్రన్ పుట్టింది. పైకి చూస్తే ఎయిరిండియా వాడి వదిలేసిన ముసలి విమానాలు ఒక యూనిఫాం నుంచి ఇంకో యూనిఫాంకు మారాయి, అంతే. నా లెక్కలో మాత్రం దొనకొండ తలరాత ఆ రోజే తేలిపోయింది. ఆ రోజు నుంచి సముద్రం మీద దూరదూరాలు తిరిగి కాపలా కాసే పని వైమానిక దళానిది కాకుండా పోయింది.

దొనకొండకూ ఆరో స్క్వాడ్రన్‌కూ నేరుగా చుట్టరికం లేదు. ఇద్దరిదీ ఒకే పురుడు, అంతే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో వర్తక నౌకలు వరసపెట్టి మునిగాయి. తూర్పు తీరానికి కాపలా కాస్తున్నది ఎవరయ్యా అంటే ఫ్లయింగ్ క్లబ్బుల్లో విమానం నేర్చుకున్న వలంటీర్లు. మద్రాసులో ఒక కోస్టల్ డిఫెన్స్ ఫ్లయిట్, విశాఖలో ఒకటి. వాళ్ళ చేతిలో ఉన్నవి వాపిటీలు: ఒకదాని మీద ఒకటి రెండు జతల రెక్కలు, పైన కప్పు లేని కాక్‌పిట్. అలాంటి విమానం ఒక్క ఊపులో ఎంత దూరం పోతుంది? అందుకే దిగడానికి, పెట్రోలు పోసుకోవడానికి దారి పొడుగునా మైదానాలు కావాల్సి వచ్చాయి. పెట్రోలు పీపాలు దించడానికి రైల్వే స్టేషనూ, చదునైన మెట్ట నేలా రెండూ ఉన్న దొనకొండ లాంటి చోట్లు అక్కరకొచ్చింది అప్పుడే.

ఆ ఏడాది చివర్లో కోస్టల్ ఫ్లయిట్లను ఎత్తేశారు. వాటి మనుషులతో 1942 డిసెంబరు 1న తిరుచిరాపల్లిలో ఆరో స్క్వాడ్రన్, విశాఖలో ఏడో స్క్వాడ్రన్ లేచాయి. ఆరో స్క్వాడ్రన్‌కు హరికేన్ యుద్ధ విమానాలు ఇచ్చి, మెహర్ సింగ్ అనే ఆఫీసరు చేతిలో పెట్టి బర్మా సరిహద్దుకు పంపారు. అక్కడ వాళ్ళ పని యుద్ధం చేయడం కంటే చూడటం. చెట్ల మీదుగా ఎగురుతూ ఫొటోలు తీసి, జపాన్ సేన ఎక్కడుందో చెప్పడం. ‘పద్నాలుగో సైన్యానికి కళ్ళు’ అని పేరొచ్చింది. మెహర్ సింగ్‌కు డీఎస్ఓ ఇచ్చారు. ఆ యుద్ధంలో భారత వైమానిక దళంలో ఆ పతకం అందుకున్నది ఆయనొక్కడే.

స్వాతంత్ర్యం వచ్చే నాటికి ఆ స్క్వాడ్రన్ కరాచీలో డకోటా రవాణా విమానాలకు మారుతోంది. దేశంతో పాటు అదీ చీలిపోయింది. 1951 జనవరిలో మళ్ళీ లేపినప్పుడు ఇచ్చినవి లిబరేటర్లు. యుద్ధం అయ్యాక కాన్పూరులో పనికిరాకుండా చెడగొట్టి పారేసిన నాలుగింజన్ల బాంబర్లవి. వాటిని ఉన్నచోటే ఎగరగలిగేంత మటుకు బాగుచేస్తే, విమానాలు తయారుచేసే సంస్థ హెచ్ఏఎల్ పైలట్ జంషెడ్ మున్షీ ఒక్కొక్కటే బెంగుళూరుకు ఎగరేసుకొచ్చాడు. పాత ఇనుప సామాన్ల కొట్లో దొరికిన బండిని చెన్నై దాకా నడిపించే మన మెకానిక్కులకు ఆ పని విలువ తెలుస్తుంది. ఆరో స్క్వాడ్రన్ వాటిని సముద్రం కాపలాకు వాడింది. 1960ల్లో సూపర్ కాన్‌స్టలేషన్లు వచ్చి చేరాయి.

దొనకొండకు మొదటి దెబ్బ అక్కడే తగిలింది. లిబరేటర్ పుణేలో లేచి సముద్రం మీద చాలా దూరం తిరిగి పుణేకే వెళ్ళగలదు. మధ్యలో ఆగి పెట్రోలు పోసుకునే మైదానంతో దానికేం పని? అయినా అప్పటికి ఓ ఆశ మిగిలింది. సముద్రం పని వైమానిక దళానిదే గనక, ఎప్పటికైనా తూర్పు తీరంలో ఓ చోటు కావాల్సి వస్తే పాత మైదానాల పట్టిక తీసి చూస్తారు. 1976తో ఆ పట్టిక పట్టుకునే చెయ్యే మారింది.

ఎందుకు మారిందన్న దానికి ఇద్దరి దగ్గరా ఇద్దరి కథలు ఉన్నాయి. ఎగిరేదేదైనా ఒకే గొడుగు కింద ఉండాలి, ఉన్న కాసిని విమానాలను పంచుకుంటే ఎవరికీ చాలవు అన్నది వైమానిక దళం వాదన. నౌకాదళం మాట వేరు. సముద్రాన్ని చూడటం అంటే నీళ్ళను చూడటం కాదు. అలల మధ్య పెరిస్కోప్ గీసిన గీతను పట్టుకోవాలి. ఏది చేపల పడవో, ఏది కాదో పైనుంచే చెప్పగలగాలి. ఆ చూపు ఓడల మీద బతికినవాడికి వస్తుంది. పైగా ఓడ నడిపేవాడికి సమాచారం కావాల్సింది ఇప్పుడు. ఇంకో దళం ఆఫీసుకు కాగితం రాసి, వాళ్ళకు తీరిక దొరికినప్పుడు కాదు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఎక్కడో కాదు, విశాఖ వాకిట్లో. అంత దగ్గరికి వచ్చిన జలాంతర్గామిని చూశాక నౌకాదళం సొంత కళ్ళు కావాలని పట్టుబట్టకపోతేనే ఆశ్చర్యపోవాలి.

నౌకాదళం తన కళ్ళకు చోటు వెతుక్కుంది. దొరికింది తమిళనాడులోని అరక్కోణం. అదీ దొనకొండ లాగే యుద్ధకాలపు మైదానం. 1992 మార్చి 11న అక్కడ ఐఎన్ఎస్ రాజాళి అనే నౌకాదళ విమాన స్థావరం మొదలైంది. ఐఎన్ఏఎస్ 312 రష్యా టీయూ–142 కాపలా విమానాలతో అక్కడికి చేరింది. అవి 2017లో విరమించాయి. 2013 నుంచి పీ–8ఐలు ఆ పని చేస్తున్నాయి. నెల్లూరు తీరంలో వలలు దింపే పల్లెకారులకు పైన అప్పుడప్పుడూ కనిపించే ఆ విమానాలు ఎయిర్ ఫోర్స్‌వి అనుకుంటారు చాలామంది. వాటి మీద రాసి ఉన్నది నేవీ పేరు. ఆరో స్క్వాడ్రన్ మటుకు కాన్‌బెర్రా బాంబర్ల మీదుగా జాగ్వార్ యుద్ధ విమానాలకు మారి, ఓడలను కొట్టే పని చేపట్టి, పడమటి తీరంలో జామ్‌నగర్‌లో స్థిరపడింది. తిరుచ్చిలో పుట్టిన పిల్ల గుజరాత్ కోడలైంది.

వైమానిక దళం దక్షిణాదికి మళ్ళీ గట్టిగా ముఖం తిప్పింది ఈమధ్యే. తంజావూరు యుద్ధకాలపు మైదానాన్ని బాగుచేసి 2013లో స్టేషన్‌గా మార్చారు. 2020 జనవరి 20న అక్కడ 222 స్క్వాడ్రన్‌ను, టైగర్‌షార్క్స్‌ను, లేపారు. సుఖోయ్ యుద్ధ విమానం కింద రెండున్నర టన్నుల బ్రహ్మోస్ క్షిపణి. మళ్ళీ సముద్రం పనే, కానీ కాపలా కాదు, దెబ్బ. మూడు పాత మైదానాల్లో అరక్కోణానికి నేవీ వచ్చింది, తంజావూరుకు సుఖోయ్ వచ్చింది. మూడోది మనది.

స్టేషన్ కావాలనే పక్షం తంజావూరును చూపిస్తుంది. వాళ్ళు చూపించనిది కొరిశపాడు. జాతీయ రహదారి 16 మీద 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున వైమానిక దళం చెప్పిన కొలతలతో అత్యవసరంలో విమానాలు దిగడానికి జాతీయ రహదారుల సంస్థ వేసిన కాంక్రీటు పట్టీ అది. మామూలు రోజుల్లో మన లారీలు, ప్రైవేటు బస్సులు దాని మీదే పోతుంటాయి. 2022 డిసెంబరు 29న మొదటిసారి, 2024 మార్చి 18న రెండోసారి విమానాలకు వాడారు. రెండోసారి నేను రోడ్డు పక్కన చేలో నిలబడ్డాను. భుజాల మీద పిల్లలు, పక్కన మరమరాల బండి. సుఖోయ్ చెవులు గింగురుమనిపిస్తూ కిందికొచ్చి, నేల తాకకుండానే లేచిపోయింది. “దిగలేదేందన్నా?” అన్నాడు పక్కనున్న కుర్రాడు, డబ్బులిచ్చి చూస్తున్నట్టు. దిగినవి ఏఎన్–32, డార్నియర్. సామాన్లు, మనుషులు మోసే విమానాలు. తుఫాన్లకు సాయం తేవడానికి ఇలాంటి పట్టీలు పనికొస్తాయని వైమానిక దళం కూడా చెప్పింది. 2021 నవంబరులో కోవూరు దగ్గర ఇదే హైవే తెగి, పడుగుపాడులో రైలు కట్ట కొట్టుకుపోయిన సంగతి గుర్తున్నవాళ్ళకు ఆ మాట వింటే ధైర్యమూ కలుగుతుంది, చిన్న అనుమానమూ వస్తుంది.

దీన్ని బట్టి చూస్తే 1942లో దొనకొండ చేసిన పనిని, దారిలో దిగి లేచే పనిని, ఇప్పుడు హైవే చేస్తోంది. అది కూడా టోలు వసూలు చేసుకుంటూ.

అయితే ఒక్కసారి మాత్రం దొనకొండ పేరుకు నిజంగా ఒక పని జతపడింది. హెలికాప్టర్ శిక్షణ కేంద్రం వస్తుందన్న మాట గత దశాబ్దంలో గట్టిగానే వినిపించింది. వైమానిక దళం హెలికాప్టర్ స్కూలు 1973 నుంచి హైదరాబాదు దగ్గర హకీంపేటలో ఉంది. అప్పటి హకీంపేట వేరు, చుట్టూ అపార్టుమెంట్లు లేచిన ఇప్పటి హకీంపేట వేరు. నేర్చుకునేవాడికి కావాల్సింది ఖాళీ నేల, ఖాళీ ఆకాశం. ఆ రెండూ దొనకొండలో పుష్కలం. సముద్రంతో సంబంధం లేని పని గనక 1976 కూడా అడ్డు రాదు. ఆ ప్రతిపాదన ఏమైందని అడగాల్సిన పక్షం ఇప్పుడు ‘స్టేషన్’ అనే పెద్ద మాట దగ్గర ఆగిపోయింది. ఏ యూనిట్ రావాలి, వచ్చి ఏం పని చేయాలి అని నేను అడిగిన ముగ్గురూ ఏదో ఒకటి రానీయండి సార్ అన్నారు.

రెండో పక్షం అడిగేవి చిన్న ప్రశ్నలు, కానీ లెక్క ఉన్నవి. ఏరోడ్రోమ్ స్థలం సరిపోదు, పక్కన వేల ఎకరాలు కావాలంటారు. అందులో పట్టా ఎంత, అసైన్డ్ ఎంత, బీడు ఎంత? కాగితంలో ప్రభుత్వ భూమి అని రాసి ఉన్న చోట రెండు తరాలుగా కంది, సజ్జ వేసుకుంటున్న వాళ్ళకు ఏమిస్తారు? ఫ్లోరైడు లేని మంచినీళ్ళే సరిగా అందని చోట మందుగుండు ఫ్యాక్టరీకి నీళ్ళెక్కడి నుంచి తెస్తారు? మందుగుండు తయారయ్యే చోటి చుట్టూ ఖాళీ జాగా వదలాలి, దాని పక్కనే విమానాలు లేపడం ఎలా కుదురుతుంది? వీటికి జవాబు ఇస్తామన్న అధికారి నాకైతే ఎదురుపడలేదు.

మొన్న పొద్దున రన్‌వే దాకా నడిచాను. చిల్లకంప మధ్య గొర్రెలు తొక్కి చేసిన బాట ఉంది. కాపరి పెద్దాయన, తువ్వాలు తలకు చుట్టుకుని, చంకలో కర్ర పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

“విమానాలొస్తాయంటగా పెద్దాయనా?”

“మా నాయనకీ ఇదే మాట జెప్పినారు నాయనా,” అన్నాడు. “వస్తే రానీ. ఇయ్యి యాడికి బోవాల్నో అది కనుక్కోనొచ్చి జెప్పు.”

అంతలో ఒక పొట్టేలు కంప లోపలికి దూరింది. ఆయన దాన్ని తిడుతూ అటు పోయాడు.