ఫ్లాట్‌గా పోయే రైఫిల్ ఏది? బయలు మైదానంలో ప్రాంగ్‌హార్న్, మ్యూల్ డీర్ వేటకి కాలిబర్ ఎంపిక: అపోహలు - వాస్తవాలు

జూన్‌లో ట్యాగుల (జంతువుని వేటాడే పర్మిట్ల) డ్రా రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, వ్యోమింగ్ యాంటిలోప్ ట్యాగ్ తగిలింది, ఫ్లాట్‌గా పోయే రైఫిల్ ఒకటి చెప్పు, కొనేస్తా" అని. నేను పద్నాలుగేళ్ళుగా కొలరాడోలో ఉంటూ అక్కడా పక్కన వ్యోమింగ్‌లోనూ ప్రాంగ్‌హార్న్ (ఇక్కడ యాంటిలోప్ అనే జంతువు), మ్యూల్ డీర్ (ఇక్కడి ఒక రకం జింక) వేటాడుతున్నా, హంటర్ ఎడ్యుకేషన్ క్లాసుల్లో వాలంటీర్‌గా చెప్తా, తూటాలు ఇంట్లోనే రీలోడ్ చేస్కుంటా. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పిందే చెప్తున్నా కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నా.

ముందు ఒక మాట. ఇదంతా అమెరికాలో లైసెన్స్, ట్యాగ్ తీసుకుని చేసే వేట గురించి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకల వేట నేరం, కృష్ణజింక అయితే షెడ్యూల్ 1లో ఉంది. మాది నందికొట్కూరు వైపు, చిన్నప్పుడు రోళ్ళపాడు దగ్గర బస్సు కిటికీలోంచి కృష్ణజింకల మందని చూస్తూ పెరిగినోణ్ణి, వాటి మీద తుపాకీ ఎత్తాలని ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఇక్కడి ప్రాంగ్‌హార్న్ సంగతి వేరు, అందరూ యాంటిలోప్ అంటారు గానీ అది అసలు యాంటిలోపే కాదు, దాని కుటుంబంలో మిగిలిన ఒకే ఒక్క జాతి, బతికున్నవాటిల్లో దగ్గరి చుట్టం జిరాఫీ. ఎన్ని ఉన్నాయో లెక్కేసి, ఎన్ని తీయొచ్చో చూసి ఏరియా వారీగా ట్యాగులు ఇస్తారు.

అపోహ: ఫ్లాట్ రైఫిల్ తూటా తాడు గీసినట్టు నేరుగా పోతుంది, కొన్నైతే బయటికొచ్చాక పైకి లేస్తాయి కూడా

ఏ తూటా అయినా గొట్టం దాటిన క్షణం నుంచే కింద పడటం మొదలుపెడుతుంది. స్కోప్ గొట్టానికి అంగుళంన్నర పైన ఉంటుంది, మనం గొట్టాన్ని కాస్త పైకి ఎత్తిపెట్టి జీరో చేస్తాం, అంటే ఒక దూరంలో గురిపెట్టిన చోటే తూటా తగిలేలా స్కోప్‌ని సరిచేస్తాం, అందుకే తూటా చూపు గీతని దాటి పైకెళ్ళి మళ్ళీ కిందకి దిగుతుంది, అంతే. భూమి ఆకర్షణ .270కి ఒకలా .30-06కి ఇంకోలా ఉండదు (ఈ అంకెలు తూటా రకాల పేర్లు, కాలిబర్ అంటే తూటా మందం). త్వరగా చేరే తూటాకి పడటానికి తక్కువ టైమ్ దొరుకుతుంది, దాన్నే మనం ఫ్లాట్ అంటున్నాం.

అపోహ: కాలిబర్ ఎంత పెద్దదైతే అంత ఫ్లాట్

ఇక్కడే ఎక్కువమంది డబ్బులు పోగొట్టుకుంటారు. అన్నీ 200 గజాలకి జీరో చేశాం అనుకోండి. 1925లో వచ్చిన .270 విన్చెస్టర్, 130 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) తూటా, సెకనుకి సుమారు 3,060 అడుగుల వేగం. 300 గజాల దగ్గర ఆరున్నర అంగుళాలు కిందపడుతుంది, 400 దగ్గర 18-19 అంగుళాలు. .300 విన్చెస్టర్ మాగ్నమ్‌లో (మాగ్నమ్ అంటే ఎక్కువ తుపాకీ మందు పట్టే రకం) అందరూ వాడే 180 గ్రెయిన్ల తూటా తీసుకోండి, 300 దగ్గర దాదాపు 7, 400 దగ్గర 19-20. అంటే అంత మందు కాల్చి, అంత తన్ను (కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి భుజాన్ని కొట్టే దెబ్బ) తిని, వందేళ్ళ నాటి .270 కన్నా ఫ్లాట్‌గా ఏమీ పోలేదు! ఆ మాగ్నమ్ బరువైన తూటాని ఎక్కువ బలంతో తీసుకెళ్తుంది, ఎల్క్‌కి (ఇక్కడి పెద్ద దుప్పి లాంటిది) అది పనికొస్తుంది, కానీ యాభై కిలోలు తూగే ప్రాంగ్‌హార్న్‌కి దేనికి? 165 గ్రెయిన్ల .30-06 అయితే 300 దగ్గర దగ్గరదగ్గర 8, 400 దగ్గర 23. 6.5 క్రీడ్‌మూర్ 143 గ్రెయిన్లతో కూడా అంతే. .25-06 ఇంచుమించు .270 లెక్కే. .243 వీటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. మొత్తం గుంపుని పక్కపక్కన పెడితే 300 గజాల దగ్గర తేడా రెండంగుళాల లోపే, మీ బొటనవేలి పొడవు కూడా లేదు. తూటాని బట్టి, గాలి పల్చదనాన్ని బట్టి ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి.

ఇంకో సంగతి, పెట్టె మీద రాసిన వేగం మామూలుగా 24 అంగుళాల టెస్ట్ బ్యారెల్‌ది. మీది 20 అంగుళాలైతే ఒక్కో అంగుళానికి 20-30 అడుగుల వేగం తగ్గించుకోండి, మాగ్నమ్ కొని పొట్టి గొట్టం పెట్టించుకుంటే మీరు డబ్బులు పెట్టి కొన్న వేగం గొట్టం బయట మంటగా పోతుంది.

అపోహ: తూటా ఎంత కిందపడుతుందన్నదే అసలు సమస్య

లేజర్ రేంజ్‌ఫైండర్ లేని రోజుల్లో అది నిజమే. బయలు మైదానంలో కంటికి దూరం ఆనదు, మధ్యలో చెట్టూ పుట్టా ఏమీ ఉండవు కదా, 400 గజాల్లో ఉన్నది 300 అనిపిస్తుంది, అప్పుడు ఫ్లాట్ తూటా ఆ పొరపాటుని కొంత కాచేది. ఇప్పుడు బటన్ నొక్కితే 387 అని వచ్చేస్తుంది. 387కి ఎంత డ్రాప్ అన్నది చార్ట్‌లో చూస్తే దొరికే అంకె. చార్ట్‌లో దొరకనిది గాలి.

వ్యోమింగ్ గాలి గురించి తెలియనివాళ్ళకి చెప్తున్నా, లారమీ నుంచి రాలిన్స్ పోయే ఐ-80 హైవేని గాలి ఎక్కువైందని తేలిక ట్రైలర్లకి మూసేస్తుంటారు. అక్కడ గంటకి 20 మైళ్ళ గాలి అంటే మామూలు రోజే. 10 మైళ్ళ అడ్డగాలి .270 తూటాని 400 గజాల దగ్గర అడుగు దాకా పక్కకి తోస్తుంది, 20 మైళ్ళైతే రెండడుగులు. ప్రాంగ్‌హార్న్‌లో గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు ఎనిమిది అంగుళాల పళ్ళెం అనుకోండి, మధ్యనుంచి అటు నాలుగు, ఇటు నాలుగు. ఇప్పుడు మీరు గాలిని ఐదు మైళ్ళు తప్పు అంచనా వేశారు, తూటా ఆరంగుళాలు పక్కకి పోయింది, అంటే తగిలింది పొట్టకి. 6.5 క్రీడ్‌మూర్‌కి అంత పేరు రావడానికి కారణం ఇదే, దాని పొడవాటి సన్నటి తూటా గాలిని బాగా కోసుకుపోతుంది, నిదానంగా బయల్దేరినా 400 దగ్గర రెండు మూడంగుళాలు తక్కువ కొట్టుకుపోతుంది. డ్రాప్‌లో వెనకపడి గాలిలో గెలుస్తుంది. నన్నడిగితే ఫ్లాట్ అన్న మాటకి ఈ రోజుల్లో అర్థం ఇది.

గాలి చదవడం నేర్చుకోవాలంటే స్కోప్‌లో ఎండమావులు చూడండి. పొద్దెక్కాక నేల మీద నీటి అలల్లా కదులుతుంటాయి, నిటారుగా పైకి లేస్తుంటే గాలి లేనట్టు, ఒక పక్కకి వాలి పరుగెడుతుంటే ఆ వైపు తోస్తున్నట్టు. మీ దగ్గర గడ్డి పరకలు ఎలా వంగాయో చూడండి, మధ్య దారిలో చూడండి, జంతువు దగ్గర చూడండి, మూడూ ఒకలా ఉండవు. మూడూ మూడు రకాలుగా ఉంటే కాల్చకండి, దగ్గరికి పాకండి.

పాకడం అన్నా కదా, అక్కడి సేజ్‌బ్రష్ మన దవనం, మాచిపత్రి జాతిదే. మోచేతుల కింద నలిగినప్పుడు వచ్చే వాసన వినాయక చవితి పత్రి వాసనే, సీజన్ కూడా చాలా ఏరియాల్లో చవితి దాటాకే కాబట్టి నాకైతే ప్రతిసారీ ఇల్లు గుర్తొస్తుంది. దాని పక్కనే నాగజెముడు నేలకి అంటుకుని ఉంటుంది, మోచేతులకీ మోకాళ్ళకీ ప్యాడ్లు కట్టుకోకపోతే ముల్లు దిగాక గురి మీద ధ్యాస ఉండదు.

అపోహ: తన్ను పెద్ద విషయం కాదు, మగాడన్నాక తట్టుకోవాలి

నా మొదటి ప్రాంగ్‌హార్న్ వేటకి ఒక షాపులో చెప్పారని .300 మాగ్నమ్ కొన్నా. రేంజ్‌లో పద్దెనిమిది తూటాలు కాల్చి జీరో చేశా, భుజం కమిలిపోయి ఇక చాలు అని ఆపేశా. సీజన్‌లో 340 గజాలు, మగది, పక్కకి తిరిగి నిలబడి ఉంది, గాలి కూడా పెద్దగా లేదు. కాల్చా. వెనక తొడకి తగిలింది. మూడు కాళ్ళ మీద పరుగెత్తింది, మూడు గంటలు దాని వెనక నడిచి రెండో తూటాతో ముగించా. ఆ మూడు గంటలు అది ఆగి వెనక్కి తిరిగి చూసిన ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టైంది. తప్పు రైఫిల్‌దీ కాదు, గాలిదీ కాదు, నాదే.

తర్వాత వారం రేంజ్‌లో ఒక పెద్దాయన నా మ్యాగజైన్‌లో నాకు తెలియకుండా ఒక డమ్మీ రౌండ్ కలిపాడు. ట్రిగ్గర్ నొక్కితే టక్ మని శబ్దం వచ్చింది, పేలలేదు, కానీ గొట్టం మూతి బెత్తెడు కిందకి దిగింది, కళ్ళు మూసుకుపోయాయి. తన్ను వస్తుందన్న భయంతో ఒళ్ళు ముందే ఉలిక్కిపడుతోంది. మీరు కూడా ఈ పరీక్ష చేసుకోండి, ఫ్రెండ్‌తో లోడ్ చేయించుకోండి. ఉలికిపాటు ఉన్నవాళ్ళకి అది ఉన్నట్టే తెలియదు, రైఫిల్ మంచిది కాదు అనుకుంటారు.

ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో .243 తన్ను సుమారు 9-10 ఫుట్-పౌండ్లు (శక్తి కొలత), 6.5 క్రీడ్‌మూర్ 12 చుట్టుపక్కల, .270 ఒక 17, 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్ 20, .300 మాగ్నమ్ 25 పైన. కొత్తవాళ్ళు 17 దాటొద్దు. గొట్టం మూతికి బిగించే మజిల్ బ్రేక్ పెట్టుకుంటే తన్ను తగ్గుతుంది నిజమే, కానీ ఆ మోతకి పక్కనున్నవాళ్ళ చెవులు దెబ్బతింటాయి, వేటలో కూడా చెవికి రక్షణ లేకుండా కాల్చకండి.

అపోహ: వేగం ఉంటే చాలు, .22-250 లాంటి చిన్న తూటా కూడా పడగొట్టేస్తుంది

కొలరాడోలో ఇది చట్టానికే వ్యతిరేకం, డీర్‌కీ ప్రాంగ్‌హార్న్‌కీ కనీసం .24 కాలిబర్, 70 గ్రెయిన్ల తూటా, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూల్, ఆ ఏడాది పుస్తకం తెచ్చుకుని చదవండి. చిన్న కాలిబర్లలో 1955లో వచ్చిన .243 నాకు చాలా ఇష్టం, మా ఇంట్లో అమ్మాయి దాంతోనే నేర్చుకుంది. కాకపోతే పెద్ద మ్యూల్ డీర్ మగది రెండొందల పౌండ్లు దాటుతుంది, దానికి .243తో పోతే తూటా గట్టిది తీసుకోండి, ఎదురుగా నిలబడినా వంకరగా నిలబడినా కాల్చకండి, పక్కకి తిరిగేదాకా ఆగండి.

అపోహ: క్రీడ్‌మూర్ ఉంటే వెయ్యి గజాలు కొట్టొచ్చు

ఇనుప పలకని కొట్టొచ్చు. .270 తూటాకే 400 గజాలు చేరడానికి దాదాపు అర సెకను పడుతుంది. మేస్తూ నడిచే జంతువు ఆ అర సెకనులో రెండడుగులు కదులుతుంది. మీరు కరెక్ట్‌గానే కాల్చారు, అది ఒక అడుగు ముందుకేసింది, అయిపోయింది. పలక అడుగు వెయ్యదు.

నా హద్దు 350. మంచి రోజున, రైఫిల్‌ని బైపాడ్ (రెండు కాళ్ళ స్టాండ్) మీద పెట్టి పడుకుని, గాలి నిలకడగా ఉంటే 400. మీ హద్దు తెలుసుకోవాలంటే పేపర్ ప్లేట్ పెట్టి, బెంచ్ మీద కాకుండా నేల మీద పడుకుని, కాస్త పరుగెత్తి వచ్చి ఆయాసంతో ఐదు తూటాలు కాల్చండి. ఐదూ ప్లేట్‌లో పడిన దూరమే మీ హద్దు.

ఎత్తుపల్లాల గురించి కూడా అడుగుతుంటారు: పైకి కాల్చినా కిందకి కాల్చినా తూటా మామూలు కన్నా పైనే తగులుతుంది, ఏటవాలు దూరం కాదు, అడ్డంగా ఉన్న దూరం లెక్క. కొత్త రేంజ్‌ఫైండర్లలో చాలావరకు ఆ లెక్క అవే చేసిపెడతాయి.

సరే, ఏది కొనాలి అంటే

.270, 6.5 క్రీడ్‌మూర్, .25-06, ఈ మూడిట్లో మీ భుజానికి సరిగ్గా కుదిరింది తీసుకోండి. మూడిట్లోనూ మొదటి రెండిటికి తూటాలు చిన్న ఊరి హార్డ్‌వేర్ షాపులో కూడా దొరికే అవకాశం ఎక్కువ, ఏరియాకి వెళ్ళాక పెట్టె ఇంట్లో మర్చిపోయామని తెలిస్తే అది ఎంత విలువో అప్పుడు అర్థమవుతుంది. ఇంట్లో ఇప్పటికే .30-06 గానీ .308 గానీ ఉంటే అసలు కొననే వద్దు, ఆ డబ్బులు రేంజ్‌ఫైండర్‌కీ పది పెట్టెల తూటాలకీ పెట్టండి. .270ని 100 గజాల్లో రెండున్నర అంగుళాలు పైన కొట్టేలా జీరో చేస్తే 300 దాకా ఛాతీ మధ్యలో గురిపెట్టి నొక్కడమే, సుమారు మూడంగుళాలకి మించి పైకీ కిందకీ పోదు.

వీసా మీద ఉన్న తమ్ముళ్ళు మాత్రం ఇది జాగ్రత్తగా చదవండి. హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, ఆ లైసెన్స్ గడువు దాటితే మినహాయింపు కూడా పోతుంది. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ అడ్డు లేదు. ఫ్రెండ్ తుపాకీ రేంజ్‌లో ఒక్కసారి పట్టుకోవడం అయినా సరే, ముందు లాయర్‌ని అడగండి.

ఆఖరి అపోహ: ప్రాంగ్‌హార్న్ మాంసం కంపు కొడుతుంది

కంపు మాంసానిది కాదు, ఆలస్యానిది. సెప్టెంబర్ ఎండలో చర్మం తీయకుండా ట్రక్కు వెనకేసుకుని ఊరంతా తిరిగితే ఏ మాంసమైనా పాడవుతుంది. నేను పడిన చోటే పేగులు తీసేసి, గంటలోపు చర్మం ఒలిచి, ఐస్ బాక్సులో పెట్టేస్తా. దీనికీ కాలిబర్‌కీ సంబంధం ఉంది, మాగ్నమ్ వేగంతో మెత్తటి తూటా దగ్గర్నుంచి భుజం ఎముకకి తగిలితే రెండు జబ్బలూ నల్లటి రక్తపు గడ్డలైపోతాయి, కోసి పారేయడమే. మోస్తరు వేగం, పక్కటెముకల మీద గురి, జబ్బలు రెండూ మిగుల్తాయి. మా ఇంట్లో ఆ జబ్బల మాంసాన్నే అల్లం వెల్లుల్లి పట్టించి కుక్కర్లో ఉడికించి, ఫ్రీజర్‌లో దాచిన గోంగూర వేసి వండుతాం.