లోహపు సూది నుంచి జెల్ దాకా: నాడీకణాలతో కలిసే పరికరాల నేపథ్యం

ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి లేనివారికి శబ్దం అందించే పరికరం) అమర్చిన పిల్లలను తిరుపతిలో చూసినవారికి చెవి వెనుక అయస్కాంతంతో అంటుకుని ఉండే చిన్న బిళ్ల గుర్తుండే ఉంటుంది. అసలు పని మాత్రం లోపల, సిలికోన్ రబ్బరులో పొదిగిన సన్నని ప్లాటినం ఎలక్ట్రోడ్లది. అవి లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాలోకి దూరి శ్రవణ నాడిని నేరుగా ప్రేరేపిస్తాయి. 1957లో పారిస్‌లో జుర్నో, ఎయిరీ అనే వైద్యులు మొదలుపెట్టిన ఈ మార్గం ఇంతగా ఫలించడానికి ఒక కారణం, నా దృష్టిలో, కాక్లియా కదలని ఎముక గూటిలో ఉండడమే.

మెదడు అలా కాదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా, ఊపిరి తీసినప్పుడల్లా అది కొద్దిగా కదులుతూనే ఉంటుంది. పైగా గడ్డపెరుగంత మెత్తన. 1990ల్లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం రూపొందించిన ఎలక్ట్రోడ్ సూదుల పలకకు వాడిన సిలికాన్ గట్టితనం మెదడు కణజాలం కన్నా సుమారు పది కోట్ల రెట్లు ఎక్కువ. ఇలాంటి గట్టి సూది చుట్టూ గ్లియల్ కణాలు (నాడీకణాలకు తోడుగా ఉండే కణాలు) చేరి మచ్చ కడతాయి, నాడీకణాలు దూరమవుతాయి, కాలం గడిచేకొద్దీ సంకేతం బలహీనపడుతుంది.

మరో చిక్కు కూడా ఉంది. లోహంలో ప్రవాహం ఎలక్ట్రాన్లది, నాడీకణంలో సోడియం, పొటాషియం వంటి అయాన్లది. విద్యుత్తును మోసే పాలిమర్లను 1977లో హీగర్, మాక్‌డయార్మిడ్, షిరకావా వెల్లడించాక (2000లో వారికి రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది), ఎలక్ట్రాన్లనూ అయాన్లనూ రెండింటినీ నడిపే పెడాట్ వంటి పదార్థాలకు దారి ఏర్పడింది.

తిరుపతిలో ఐఐటీ, ఐసర్ మొదలైన 2015లోనే స్విట్జర్లాండ్‌లోని లొసాన్ నగర పరిశోధకులు, వెన్నుపామును కప్పే పొరలా సాగే ‘ఈ-డ్యూరా’ను ఎలుకల్లో ఆరు వారాలు ఉంచి, పెద్దగా హాని లేకుండా పనిచేయించారు. 2023లో స్వీడన్‌లోని లిన్‌షాపింగ్ బృందం మరింత ముందుకు వెళ్లింది: ఎంజైములు కలిపిన జెల్‌ను జీబ్రా చేపల్లోకి ఎక్కించగా, శరీరంలోని గ్లూకోజ్ వంటి పదార్థాలే చర్యను నడిపి, మెదడులోనూ గుండెలోనూ మెత్తని ఎలక్ట్రోడ్లను ఏర్పరిచాయి.

అయితే తిరుపతిలో కానీ వెల్లూరులో కానీ రోగికి వీటిని అమర్చే రోజు దగ్గరలో ఉందని చెప్పలేం. పార్కిన్సన్స్ రోగులకు మెదడులో అమర్చే పరికరాల్లో నేటికీ ప్లాటినం-ఇరిడియం కొనలూ, ఛాతీ చర్మం కింద టైటానియం డబ్బాలో మూసిన బ్యాటరీయే ఉంటున్నాయి. టైటానియం గోడ దాటి తేమ లోపలికి పోదు. వంగడానికి పలచగా చేసిన పాలిమర్ పొర గుండా మాత్రం తేమ మెల్లగా దిగి, లోపలి సర్క్యూట్‌ను పాడుచేస్తుంది.