ఆరో ఆర్టికల్‌లో పెట్టిన తలుపు: ఐరోపా ఏఐ చట్టం మార్గదర్శకాలు ఎందుకు వెనకబడ్డాయి

2026 ఫిబ్రవరి 2 వచ్చింది, పోయింది. ఐరోపా యూనియన్ (ఈయూ) ఏఐ చట్టం ప్రకారం ఏ ఏఐ వ్యవస్థ 'హై రిస్క్' (మనుషుల భద్రతకు, హక్కులకు ఎక్కువ ముప్పు తేగలదు కాబట్టి కఠిన నియమాలు వర్తించేది) కిందికి వస్తుందో, ఏది రాదో ఉదాహరణలతో చెప్పే మార్గదర్శకాలను ఆ తేదీలోగా యూనియన్ కార్యనిర్వాహక విభాగమైన యూరోపియన్ కమిషన్ ఇచ్చి ఉండాలి. ఈ గడువు ఎవరో పైనుంచి వేసింది కాదు. చట్టంలోని ఆరో ఆర్టికల్ ఐదో పేరాలోనే ఉంది. హై రిస్క్ బాధ్యతలు అమల్లోకి రావాల్సిన ఆగస్టు 2కు అప్పటికి ఆరు నెలలు మిగిలాయి, మార్గదర్శకాలు మాత్రం గడువులోగా రాలేదు. దాంతో ఆ బాధ్యతలను వాయిదా వేయాలా వద్దా అన్న గొడవ మళ్లీ రాజుకుంది.

ఈ చట్టాన్ని కమిషన్ 2021లో ప్రతిపాదించింది, చాట్‌జీపీటీ వచ్చాక ఆ ముసాయిదాకు కుదుపు తగిలింది. ఈ చిక్కుముడి పడింది మాత్రం 2023 డిసెంబరులో, బ్రస్సెల్స్‌లో రాత్రింబవళ్లు సాగిన తుది చర్చల్లో.

మొదటి ముసాయిదా లెక్క సూటిగా ఉండేది. మూడో అనుబంధంలో ఉద్యోగ నియామకాలు, విద్య, రుణ అర్హత, పోలీసు పనుల వంటి రంగాల జాబితా ఉంది. అందులో ఉంటే హై రిస్క్, లేకపోతే కాదు. ఇది మరీ వెడల్పాటి వల అని పరిశ్రమ అంది. 2023 జూన్‌లో యూరోపియన్ పార్లమెంటు ఒక మధ్యేమార్గం చూపింది: మాది హై రిస్క్ కాదనుకునే కంపెనీ ఆ సంగతి ముందుగా అధికారులకు తెలపాలి, అభ్యంతరం చెప్పడానికి వాళ్లకు మూడు నెలలు ఉంటుంది. డిసెంబరు ఒప్పందంలో ఆ మూడు నెలలు ఎగిరిపోయాయి. కంపెనీ తనను తానే అంచనా వేసుకుని బయటపడే తలుపు మిగిలింది. అదే ఆరో ఆర్టికల్ మూడో పేరా. బదులుగా కంపెనీ నుంచి అడిగినవి రెండు: ఆ అంచనాను రాతపూర్వకంగా ఉంచుకోవడం, వ్యవస్థను ఈయూ డేటాబేస్‌లో నమోదు చేయడం. తలుపు ఎంత వెడల్పో చెప్పే పని మార్గదర్శకాలకు వదిలేశారు. 2024 ఆగస్టు 1న చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి పద్దెనిమిది నెలల లెక్కతో వాటి గడువు 2026 ఫిబ్రవరి 2.

ఆ తలుపు దగ్గర పని ఎలా చెడుతుందో చూడాలంటే ఉద్యోగ దరఖాస్తుల సాఫ్ట్‌వేర్ చాలు. వందల రెజ్యూమెలను ఒకే పట్టికలోకి మార్చడం, ఒకే మనిషి రెండుసార్లు పెట్టిన దరఖాస్తును పట్టుకోవడం పరిమితమైన, ప్రక్రియకు సంబంధించిన పనులు. ఇలాంటివి మినహాయింపు కిందికి రావచ్చని చట్టం 53వ పీఠికా పేరాయే సూచిస్తుంది. ఆర్నెల్ల తర్వాత క్లయింటు అడిగాడని అదే పట్టికలో 'సరిపోలిక శాతం' అనే కాలమ్ చేరుస్తారు. కోడ్‌లో చిన్న మార్పే. కానీ ఇప్పుడు ఆ వ్యవస్థ మనిషి పనితీరును, తగినతనాన్ని తూస్తోంది. మూడో అనుబంధం కిందికి వచ్చే వ్యవస్థ వ్యక్తుల ప్రొఫైలింగ్ (వాళ్ల వ్యక్తిగత డేటాతో యంత్రమే వాళ్లను అంచనా వేయడం) చేస్తే మినహాయింపు ఏ రూపంలోనూ వర్తించదు. ఫైల్లో మాత్రం పాత అంచనా పత్రమే ఉంటుంది. హైదరాబాద్‌లో కూర్చుని జర్మనీ క్లయింటుకు ఈ మాడ్యూల్ రాసే కంపెనీకీ ఇది తగులుతుంది. వ్యవస్థ ఇచ్చే ఫలితాన్ని యూనియన్‌లో వాడితే, తయారుచేసినవాళ్లు ఎక్కడున్నా రెండో ఆర్టికల్ వర్తిస్తుంది. హై రిస్క్ బాధ్యతల ఉల్లంఘనకు జరిమానా 1.5 కోట్ల యూరోల దాకా, లేదా ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవర్‌లో 3 శాతం దాకా, పెద్ద కంపెనీలకైతే ఏది ఎక్కువైతే అది.

గడువు దాటడం కమిషన్‌కు కొత్తేమీ కాదు. కొన్ని ఏఐ పద్ధతుల మీద చట్టం పెట్టిన పూర్తి నిషేధం 2025 ఫిబ్రవరి 2న అమల్లోకి వస్తే, ఆ నిషిద్ధ పద్ధతుల మీద దాదాపు 140 పేజీల మార్గదర్శకాలు ఫిబ్రవరి 4న వచ్చాయి. పెళ్లి అయ్యాక శుభలేఖ అందినట్టు. జనరల్ పర్పస్ మోడళ్ల (చాట్‌జీపీటీ వెనకున్న వాటిలా పలు పనులకు పనికొచ్చే ఏఐ మోడళ్ల) నియమావళి మే 2 నాటికి సిద్ధం కావాలి, జులై 10న బయటికొచ్చింది. బాధ్యతలు మొదలయ్యేది ఆగస్టు 2న, అంటే మిగిలింది మూడు వారాలు. ఐరోపా ప్రమాణాల సంస్థలైన సెన్, సెనెలెక్ రాయాల్సిన సాంకేతిక ప్రమాణాలూ 2025 ఏప్రిల్ గడువును దాటేశాయి.

ఎయిర్‌బస్, ఏఎస్ఎంఎల్, మిస్ట్రాల్ సహా నలభైకి పైగా కంపెనీల అధిపతులు 2025 జులైలో గడియారం ఆపమని, అంటే అమలును వాయిదా వేయమని లేఖ రాశారు. ఆపేది లేదని కమిషన్ ప్రతినిధి మర్నాడే తేల్చేశారు. నవంబరు 19న అదే కమిషన్ 'డిజిటల్ ఆమ్నిబస్' (డిజిటల్ చట్టాలకు ఒకే మూటగా తెచ్చిన సవరణలు) పేరుతో వాయిదా ప్రతిపాదన పెట్టింది: మూడో అనుబంధం వ్యవస్థలకు 2027 డిసెంబరు 2 దాకా, మొదటి అనుబంధం ఉత్పత్తులకు (యంత్రాలు, బొమ్మలు, వైద్య పరికరాల వంటివి) 2028 ఆగస్టు 2 దాకా. ప్రమాణాలు లేకుండా పాటించడం ఎలా అన్న కంపెనీల ప్రశ్నలో న్యాయం ఉంది. హక్కుల సంఘాల అభ్యంతరం ఇంకా లోతైనది. రాయాల్సినవాళ్లు రాయలేదు, ఆ రాయకపోవడమే ఇప్పుడు వాయిదాకు సాకు అవుతోందన్నది వాళ్ల వాదన. కమిషన్ ప్రతిపాదనలో సవరణ మరొకటి ఉంది: స్వీయ అంచనాతో బయటపడే వ్యవస్థలకు ఈయూ డేటాబేస్ నమోదు అక్కర్లేదట. డిసెంబరు 2023లో ఆ తలుపుకు కట్టిన వెలలో సగం అదే. అది పోతే ఎవరు ఏ కారణం చెప్పి బయటికి నడిచారో బయటివాళ్లకు తెలిసే దారి ఉండదు. పత్రం మిగులుతుంది, కానీ కంపెనీ బీరువాలో.

పార్లమెంటు, సభ్య దేశాల ప్రభుత్వాల కౌన్సిల్ ఒప్పుకుని యూనియన్ అధికార పత్రికలో అచ్చయ్యేదాకా ప్రతిపాదన ప్రతిపాదనే, దాన్ని పెట్టిననాటికి చట్టంలో ఉన్న తేదీ 2026 ఆగస్టు 2. ప్రాజెక్టు ప్లాన్‌లో 2027 డిసెంబరు అని అప్పుడే మార్చేసినవాళ్లు ఈ తేడా మరిచారు.

వెర్షన్ల దగ్గర జరిగే పొరపాటు కూడా ఇలాంటిదే. నిషిద్ధ పద్ధతుల మార్గదర్శకాలు ఫిబ్రవరిలో సి(2025) 884 నంబరుతో వచ్చినప్పుడు కమిషన్ వాటిని ఆమోదించిందే గాని లాంఛనంగా స్వీకరించలేదు. స్వీకరించిన పాఠం జులై 29న సి(2025) 5052గా వచ్చింది. పాత పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న చోట ఇంకా దాన్నే ఉటంకిస్తున్నారు. అందుకే అంచనా పత్రంలో ప్రతి ప్రస్తావన పక్కన మూడు వివరాలు ఉండాలి: పత్రం సి నంబరు (కమిషన్ పత్రాలకిచ్చే సంఖ్య), మొదటి పేజీ మీది తేదీ, స్థాయి (ముసాయిదా, ఆమోదం, స్వీకరణ). 2025 అక్టోబరులో తెరిచిన ఏఐ చట్టం సర్వీస్ డెస్క్ ప్రశ్నలకు బదులిస్తుంది, కానీ ఆ బదులు చట్టం కాదు. మార్గదర్శకాలూ చట్టం కావు. తుది మాట యూనియన్ న్యాయస్థానానిదే. మార్గదర్శకాలు వచ్చినా రాకపోయినా, ఆ 'సరిపోలిక శాతం' కాలమ్ చేరిన రోజున పాత అంచనాను కొట్టేసి కొత్తది రాయాల్సిందే.