కామెరూన్‌కి మే 20 ఎలా పండగైంది?

ఆఫ్రికాలో చాలా దేశాలకి జాతీయ దినం అంటే తెల్లదొరల జెండా దిగిన రోజు. కామెరూన్ సంగతి అలా కాదు. ఫ్రాన్స్ పాలన పోయింది 1960 జనవరి 1న, కానీ రాజధాని యావుండేలో సైనిక కవాతు జరిగేది మే 20న, అదీ మే 20 పేరే పెట్టిన పెద్ద రోడ్డు మీద. ఆ తేదీ వెనక ఏముందో తెలిస్తే అక్కడి ఇంగ్లిష్ ప్రాంతాల కోపం సగం అర్థమైపోతుంది.

దేశం పేరు పోర్చుగీసువాళ్ల పుణ్యం. 15వ శతాబ్దంలో వూరీ నది దగ్గర రొయ్యలు కుప్పలుతెప్పలుగా కనిపిస్తే దాన్ని రొయ్యల నది అన్నారు, 1884లో వచ్చిన జర్మన్లు ఆ పేరునే వలస ప్రాంతం మొత్తానికీ తగిలించారు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ ఓడాక ఇంచుమించు ఐదింట నాలుగు వంతులు ఫ్రాన్స్‌కి, నైజీరియా సరిహద్దు వెంట రెండు ముక్కలు బ్రిటన్‌కి వెళ్లాయి.

చిక్కంతా ఆ ముక్కలతోనే. 1961 ఫిబ్రవరి 11న ఐక్యరాజ్యసమితి అక్కడ ఓటింగ్ పెట్టి, నైజీరియాలో కలుస్తారా కామెరూన్‌లో కలుస్తారా అని మాత్రమే అడిగింది, విడిగా ఉంటామనే వీలే ఇవ్వలేదు. ఉత్తర ముక్క నైజీరియాకి పోయింది. దక్షిణ ముక్క, అంటే ఇప్పటి ఇంగ్లిష్ ప్రాంతాలు, అక్టోబర్ 1న కామెరూన్‌తో ఫెడరేషన్‌గా (రెండు భాగాలకీ వేరే ప్రభుత్వాలుండే ఏర్పాటు) కలిసింది, జెండాలో ఆకుపచ్చ పట్టీ మీదికి రెండు పసుపు నక్షత్రాలు వచ్చాయి.

1972 మే 20న అధ్యక్షుడు అహిజో రిఫరెండం పెట్టి ఆ ఫెడరేషన్‌ని ఎత్తేశాడు. అధికారిక లెక్కల్లో 99 శాతం పైనే ఒప్పుకున్నారట, నమ్మేవాళ్లు నమ్మొచ్చు! 1975లో జెండా మీద ఒక్క నక్షత్రమే మిగిలింది. 1984లో తర్వాతి అధ్యక్షుడు పాల్ బియా దేశం పేరులోంచి ‘యునైటెడ్’ కూడా తీసేసి, 1960లో ఫ్రెంచ్ భాగం ఒంటరిగా ఉన్నప్పుడు పెట్టుకున్న రిపబ్లిక్ ఆఫ్ కామెరూన్ పేరే మళ్లీ తెచ్చాడు. నన్నడిగితే మే 20 కన్నా ఇదే పెద్ద దెబ్బ, ఎందుకంటే మనం ఇద్దరం కలిశాం అన్న ఆనవాలు కూడా కాగితం మీద లేకుండా పోయింది.

2016లో ఇంగ్లిష్ కోర్టుల్లోకి, బళ్లలోకి ఫ్రెంచ్ వాళ్లని పంపుతున్నారని లాయర్లు, టీచర్లు రోడ్డెక్కారు, అణచివేతతో అది ముదిరి సాయుధ పోరాటమైంది. వేర్పాటువాదులు ఇంగ్లిష్ ప్రాంతాలకి ‘అంబజోనియా’ అని పేరు పెట్టి స్వాతంత్ర్యం ప్రకటించడానికి ఎంచుకున్న రోజు 2017 అక్టోబర్ 1. ఇక 1961 నాటి ఓటింగ్ తేదీ ఫిబ్రవరి 11ని ప్రభుత్వం యువజన దినంగా జరుపుతోంది.