వెసూవియస్ చిత్రాలు: అపోహలు - వాస్తవాలు

కాగితం మీది పాత చిత్రాలను బాగుచేసి భద్రపరచడం నా వృత్తి. ఇటలీలోని నేపుల్స్ అఖాతాన్నీ, దాని ఒడ్డున నిప్పులు కక్కే వెసూవియస్ అగ్నిపర్వతాన్నీ చూపే రొమాంటిక్ యుగపు (18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం తొలినాళ్ల) చిత్రాల గురించి నేను తరచుగా వినే అపోహలు ఇవి.

అపోహ: చిత్రకారుడు కళ్లారా చూసినదే గీశాడు.
వాస్తవం: ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ 1817లో వెసూవియస్ విస్ఫోటనాన్ని నీటిరంగుల్లో చిత్రించేనాటికి నేపుల్స్‌ను చూడనే లేదు. ఆయన అక్కడికి వెళ్లింది 1819లో. నార్వే చిత్రకారుడు డాల్ మాత్రం 1820 డిసెంబరులో అక్కడే ఉండి, ఎగసిన మంటలను స్వయంగా చూశాడు. కాబట్టి ఏ చిత్రానికాచిత్రం విడిగా విచారించాలి.

అపోహ: కొండ ఆకారం నేటి ఫోటోతో సరిపోలకపోతే చిత్రకారుడు పొరబడ్డట్టే.
వాస్తవం: 1822 అక్టోబరులోనూ, 1906లోనూ విస్ఫోటనాలు శిఖరాన్ని తెగ్గొట్టాయి. అందుకే శిఖరరేఖ చిత్రం ఏ కాలానిదో చెప్పే ఆధారం అవుతుంది.

అపోహ: ఆకాశంలోని గులాబి ఛాయ సంధ్యాకాంతి.
వాస్తవం: కొన్నింట అది నిజంగా సంధ్యే. అయితే ఆనాటివారు బూడిదరంగు మేఘాల కోసం నీలిమందును ఎరుపుతో కలిపేవారు. వెలుతురుకు నీలిమందు వెలిసిపోగా ఎరుపు మాత్రం మిగిలిపోతుంది. అలాంటి చిత్రం చుట్టూ ఉన్న అట్టచట్రాన్ని మెల్లగా పైకెత్తితే, దాని చాటున వెలుతురు సోకని సన్నని అంచులో అసలు మేఘం చల్లని నీలిబూడిద రంగులో కనిపిస్తుంది. ఆ వేలెడు అంచును చూసినప్పుడల్లా, చిత్రకారుడు తలచిన వాతావరణమే మనకు దక్కకుండా పోయిందే అని నాకు బాధ కలుగుతుంది. పోయిన రంగును తిరిగి తేలేము. ఉన్నదాన్ని కాపాడేందుకే దాదాపు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మసక వెలుతురులో కొద్ది నెలలు ప్రదర్శించి, తర్వాత చీకటిలో భద్రపరుస్తాము.

అపోహ: నురుగు మీద, వెన్నెల మీద ఉన్న నల్లమరకలు మసి, రబ్బరుతో తుడిస్తే పోతాయి.
వాస్తవం: అది తరచుగా సీసపు సఫేదా, అంటే సీసంతో చేసిన తెల్లరంగు. గాలిలోని గంధకపు వాయువు తగిలి నల్లబడుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నిపుణులు అతి జాగ్రత్తగా ప్రయోగిస్తే మళ్లీ తెల్లబడుతుంది. రుద్దితే మాత్రం రంగు లేచిపోతుంది, కాగితం పోగులు పైకి వస్తాయి.

అపోహ: గోధుమరంగు గీతలన్నీ మొదటినుంచీ గోధుమరంగే.
వాస్తవం: మాచికాయ, అన్నభేది (ఒక ఇనుప లవణం) కలిపి చేసిన సిరా తొలుత నల్లగానే ఉండేది, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరిగి, ఘాటుగా పడిన చోట కాగితాన్ని కూడా తినేస్తుంది.