నిద్రలోకి వెళ్తూ కుప్పకూలే కంప్యూటర్: ముప్పై ఏళ్ల నేపథ్యం

రోజంతా ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసిన కంప్యూటర్, స్లీప్‌లోకి పంపగానే బిగుసుకుపోవడం, లేదా తిరిగి లేపినప్పుడు నల్లటి తెర తప్ప ఏమీ చూపించకపోవడం చాలామందికి ఎదురైన అనుభవమే. ఈ లోపం మూలాన్ని పట్టుకోవడం ఎందుకంత కష్టమో తెలియాలంటే, కంప్యూటర్‌ను నిద్రపుచ్చే బాధ్యత ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో చూడాలి.

ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు 1992లో తెచ్చిన ఏపీఎం అనే విద్యుత్ నిర్వహణ పద్ధతిలో ఆ బాధ్యత ప్రధానంగా మదర్‌బోర్డు మీది బయోస్‌దే, అంటే యంత్రాన్ని ప్రారంభించే మూల ప్రోగ్రామ్‌దే. ఏ ప్రోగ్రామ్ ఏ పనిలో ఉందో బయోస్‌కు తెలియదు కనుక, అది తీసుకునే నిర్ణయాలు తరచూ గుడ్డివిగా ఉండేవి. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి విడుదల చేసిన ఏసీపీఐ ప్రమాణం ఆ నిర్ణయాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించింది. అయితే ఫలానా బోర్డును ఎలా నిద్రపుచ్చాలో చెప్పే ఆదేశాలు మాత్రం తయారీదారు రాసిన పట్టికల్లోనే ఉండిపోయాయి. నిర్ణయం ఒకరిది, విధానం మరొకరిది కావడమే నేటి చిక్కులలో చాలావాటికి మూలమని నా అభిప్రాయం. ఆ పట్టికలను తయారీదారులు ఎక్కువగా విండోస్ మీదే పరీక్షించేవారు. అందుకే పట్టిక ‘నువ్వు ఏ సిస్టమ్‌వి?’ అని అడిగినప్పుడు లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నల్ నేటికీ విండోస్‌నని బదులిస్తుంది.

ఎస్3 అనే సంప్రదాయ నిద్రలో ర్యామ్‌కు తప్ప దాదాపు దేనికీ విద్యుత్తు అందదు. కాబట్టి గ్రాఫిక్స్, వైఫై, యూఎస్‌బీ వంటి ప్రతి పరికరాన్నీ నడిపే ప్రోగ్రామ్ అయిన డ్రైవరూ తన స్థితిని ముందే భద్రపరచుకుని, మేల్కొన్నాక వరుస తప్పకుండా పునరుద్ధరించాలి. వాటిలో ఒక్కటి జవాబివ్వకపోయినా మొత్తం ప్రక్రియ ఆగిపోతుంది. విండోస్‌లో 9ఎఫ్ సంఖ్యతో కనిపించే నీలి తెర చెప్పేది ఇదే.

మరో కష్టం సాక్ష్యం మిగలకపోవడం. లోపం జరిగే సమయానికి తెర ఆరిపోయి, డిస్కు కూడా ఆగిపోయి ఉండవచ్చు. అప్పుడు ఏం జరిగిందో నమోదు చేసే లాగ్ రాయడానికి చోటే ఉండదు. విండోస్ నమోదు చేసే కెర్నల్-పవర్ 41 అనే ఘటన, యంత్రం సక్రమంగా ఆగలేదని చెబుతుందే గానీ కారణం చెప్పదు. దీనికి 2006లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ అందులో ఒక ఉపాయం చేర్చారు. కరెంటు పోయినా నడిచే గడియారపు చిప్‌లో, సమయం స్థానంలో, ప్రక్రియ ఎక్కడిదాకా వచ్చిందో తెలిపే చిన్న గుర్తును రాయడమే ఆ ఉపాయం. మళ్లీ ఆన్ చేశాక గడియారం తప్పు సమయం చూపిస్తుంది. కానీ ఏ పరికరం దగ్గర ఆగిందో ఆ గుర్తును బట్టి ఊహించవచ్చు.

డెస్క్‌టాప్‌ల కోసం విండోస్ విస్టా తెచ్చిన హైబ్రిడ్ స్లీప్, ర్యామ్‌లోని సమాచారాన్ని డిస్కు మీద కూడా రాసి ఉంచుతుంది. కరెంటు కోతలు మామూలైన ఇళ్లలో దాని విలువ వేరే చెప్పనక్కరలేదు.

2012లో విండోస్ 8తో మొదలై, 2015లో విండోస్ 10తో మోడర్న్ స్టాండ్‌బైగా విస్తరించిన పద్ధతిలో యంత్రం నిజానికి పూర్తిగా నిద్రపోదు. అతి తక్కువ విద్యుత్తుతో మెలకువగానే ఉంటుంది. దీనిని అనుసరించే అనేక కొత్త ల్యాప్‌టాప్‌లలో ఎస్3 అసలు ఉండదు కాబట్టి పాత సలహాలు వాటికి వర్తించవు. అందువల్ల ముందుగా కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ /ఏ’ (powercfg /a) ఆదేశంతో తమ యంత్రంలో ఏ నిద్ర ఉందో చూసుకోవాలి. ఆ తరువాత బయటి యూఎస్‌బీ పరికరాలన్నీ తీసి ప్రయత్నించడం, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను మార్చి చూడడం, చివరగా బయోస్‌ను నవీకరించడం సబబైన వరుస. లినక్స్ వాడేవారికి ‘పీఎం టెస్ట్’ అనే సదుపాయం ఉంది. అది నిద్ర ప్రక్రియను ఎంచుకున్న దశ వరకే నడిపి, కొన్ని సెకన్ల తరువాత వెనక్కి తెస్తుంది. పరికరాల దశలోనే బిగుసుకుపోతే డ్రైవర్‌ను, ఆ దశ దాటి ప్లాట్‌ఫారమ్ దశలో ఆగితే తయారీదారు పట్టికలను ముందుగా అనుమానించాలి.